రాత్రి మేష్టరు కూతురు

12 మార్చి 1957

సుంగై సిపుట్ ఇంగ్లీషు బడి హెడ్మాస్టరు దొర కబురు పెట్టాడని, బడి వదలగానే బస్సెక్కి వెళ్ళాను. రబ్బరు ఎస్టేటులో పందొమ్మిది మంది పిల్లలకు తెలుగు చెప్పుకునే పంతులమ్మతో ఆయనకేం పనో దారంతా అంతుపట్టలేదు.

కూర్చోమన్నాడు. స్కాట్లండు నుంచి వచ్చిన ఉత్తరం ఒకటి నా ముందుకు జరిపాడు.

"మిస్టర్ ర్యాట్రే గురించి. యుద్ధానికి ముందు ఇరవై ఏళ్ళు ఈ బడిలో పాఠాలు చెప్పారు. మీ అమ్మ ఆయన ఇంట్లో పనిచేసేదట కదా. ఏమైనా గుర్తుంటే ఆ ముసలావిడకు నాలుగు ముక్కలు రాయండి," అన్నాడు.

ఎస్ సర్ అని ఉత్తరం తీసుకుని వచ్చేశాను.

13 మార్చి

రాసినావిడ పేరు ఎల్స్పెత్ ర్యాట్రే. మా నాన్నకు, అంటే ఆ ర్యాట్రేకు, అక్క. సముద్రపొడ్డున చేపలు పట్టుకునే చిన్న ఊరు. వాళ్ళ నాన్న కూడా బడిపంతులేనట. కెనడాలో, న్యూజిలాండులో ఉన్న మేనల్లుళ్ళ కోసం వంశచరిత్ర రాసి అచ్చు వేయిస్తోంది. తమ్ముడి పేజీ నకలు జతచేసింది.

"విలియం. జననం 1891. ఉపాధ్యాయుడు. ఫ్రాన్సు యుద్ధంలో కాలికి గాయం. 1919లో మలయాకు వలస. జపానువారి చెరలో 1944లో మరణం. అవివాహితుడు."

నాకేమీ బాధ కలగలేదు.

14 మార్చి

అవివాహితుడట.

శుక్రవారం సాయంత్రం సైకిలు మీద ఎస్టేటు సరిహద్దు దగ్గర మా ఇంటికి వచ్చి, ఆదివారం దాకా ఉండే మనిషి. శనివారం పొద్దున్నే నన్ను బల్ల ముందు కూర్చోబెట్టి ఇంగ్లీషు డిక్టేషను చెప్పే మనిషి. తప్పు రాస్తే తిట్టడు, తప్పు కింద గీత గీసి నా మొహంలోకి చూస్తాడు. నాకు జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ మార్చేవాడు. ఎప్పుడైనా స్నేహితులైన దొరలు వస్తే అమ్మా నేనూ వంటింట్లో ఉండేవాళ్ళం. మాకు అక్కడే హాయిగా ఉండేది.

నాకు బాధ లేదు. తప్పు రాసినవాళ్ళకు తప్పని చెప్పాలి. పంతులమ్మను కదా.

17 మార్చి

అమ్మకు చెప్పాను. ఎండుచేపల తలలు తుంచుతోంది. చెయ్యి ఆపకుండానే వింది.

"ఒదిలీయే. సచ్చిపోయినోడి మీద తగువేటి?"

"తగువు కాదమ్మా. నీకు తాళి కట్టిన మనిషిని పెళ్ళి కానివాడని పుస్తకంలో అచ్చేస్తే ఊరుకుంటామా?"

అమ్మ నా మొహం చూసింది. "అన్నం పొంగుతున్నాది," అని లేచి వెళ్ళింది.

పొయ్యి మీద అన్నం లేదు. ఎప్పుడో దించేసింది.

19 మార్చి

హెడ్మాస్టరుకు చీటీ రాసి పంపాను. "మా అమ్మ దేవుడమ్మ మిస్టర్ ర్యాట్రే ఇంట్లో పనిమనిషి కాదు. నేను ఆయన కూతుర్ని. వారి అక్కగారికి నేనే జవాబు రాస్తాను." ఒక్క తప్పు లేకుండా రాశాను.

23 మార్చి

ఎస్టేటు మేనేజరు దొర ఆఫీసుకు పిలిచాడు. క్లబ్బులో హెడ్మాస్టరు చెప్పాడట. పక్కన ఆఫీసు గుమాస్తా, అందరూ పెద్ద కిరాణీ అనే సుబ్రమణియం గారు, నేల చూస్తూ నిలబడ్డారు.

"ఆ మనిషి చెరలో గౌరవంగా చనిపోయాడు. అక్కడ డెబ్బై ఏళ్ళ ముసలామె ఉంది. ఇద్దరినీ ప్రశాంతంగా వదిలెయ్యండి, టీచర్," అన్నాడు. కాగితాలు సర్దుకుంటూ, "మీరుండే క్వార్టరు ఎస్టేటుది. గుర్తుందనుకుంటాను," అన్నాడు.

నేను తలెత్తి అన్నాను: "సర్, గౌరవం ఆయనకే ఉంటుందా? మా అమ్మకు ఉండదా? ఇల్లు మీది కావచ్చు, నాన్న నావాడు." దొర మొహం ఎర్రబడింది.

24 మార్చి

నిన్న రాసింది అబద్ధం. అవి ఇంటికొచ్చే దారిలో రబ్బరు చెట్ల మధ్య నాలో నేను అనుకున్న మాటలు. ఆఫీసులో అన్నది "ఎస్ సర్". రెండుసార్లు.

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. ఇందులో కూడా అబద్ధమాడితే ఇక ఎక్కడ నిజం రాస్తాను?

25 మార్చి

ఎల్స్పెత్‌కు ఉత్తరం వేసేశాను, ఆయనకు పెళ్ళయిందని, నేను ఆయన కూతుర్నని.

తమిళ తరగతి చెప్పే పుష్పం తోడొచ్చింది. ముళ్ళకంచె గేటు దగ్గర ఎప్పటిలాగే తనిఖీ. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకు బియ్యం చేరకూడదని తొమ్మిదేళ్ళుగా మా సంచులు, కొంగులు, జడలు కూడా తడుముతున్నారు. స్పెషల్ కానిస్టేబులు దొరసామి కవరును వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

"ఏటి టీచరు ఇది?"

"ఉత్తరం."

"బియ్యం కాదు గదా?"

"కాదు."

"మరి ఎల్లు."

పోస్టాఫీసు డబ్బా ముందు నిలబడిపోయాను. క్వార్టరు గుర్తొచ్చింది. అమ్మ ఈ వయసులో ఎక్కడికి పోతుంది? పుష్పం నా చేతిలో కవరు చూసింది, నా మొహం చూసింది.

"అక్కా, ఇంత దూరం వచ్చి తిరిగి తీసుకుపోతావా? వేసెయ్ లా." మలాయ్ వాళ్ళ "లా" తగిలించనిదే పుష్పానికి మాట తెగదు.

వేసేశాను. ఈసారి నిజంగానే జరిగింది. పుష్పం సాక్షి.

9 ఏప్రిల్

ఉత్తరం లేదు.

16 ఏప్రిల్

లేదు.

22 ఏప్రిల్

మూడో తరగతి పాపాయి చదువుతూ "రాత్రి" అన్న మాట దగ్గర ఆగి, కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది. వాళ్ళ అమ్మ చెప్పి ఉంటుంది.

మా కూలి లైన్లలో ర్యాట్రే అన్న పేరు ఎవరికీ నోరు తిరిగేది కాదు. రాత్రి మేష్టరు అనేవాళ్ళు. తర్వాత ఆ మాటకు ఇంకో అర్థం అంటించారు. నీళ్ళ కుళాయి దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి "రాత్రి మేష్టరు కూతురొచ్చింది, దారీయండే" అని నవ్వేవాళ్ళు. ఏడేళ్ళప్పుడు అర్థం కాలేదు. పదేళ్ళప్పుడు అర్థమైంది.

పాపాయిని లేపి నిలబెట్టి, ఆ మాట నల్లబల్ల మీద పదిసార్లు రాయించాను. తర్వాత నేనే వెళ్ళి తుడిచాను. పిల్ల చేసిన తప్పేముంది?

28 మే

జవాబు వచ్చింది.

చాలా మర్యాదగా రాసింది. నా ఇంగ్లీషు దస్తూరీ చూస్తే తమ్ముడి చెయ్యే అనిపించిందట. నేను కావాలని అబద్ధం రాశానని తను అనుకోవడం లేదట. అయితే తమ్ముడు 1932లో రాసిన ఉత్తరం నుంచి కొంత భాగం చూసి రాసి పంపుతున్నాను, మీరే చదువుకోండి, అంది.

"పెళ్ళి సంగతి మళ్ళీ అడిగావు. నాకు భార్య లేదు, ఎల్స్పెత్, ఉండబోదు కూడా. నా పుస్తకాలతో, ఒక వంటమనిషితో నా బతుకు నేను బతుకుతున్నాను."

1932. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు.

29 మే

బడికి వెళ్ళలేదు.

30 మే

వంటింట్లో హాయిగా ఉండేది కాదు. పొయ్యి సెగకు చెమటలు కారేవి. ముందు గదిలో దొరలు నవ్వుతుంటే మేము గోడకానుకుని కూర్చునేవాళ్ళం. ఒకసారి నాకు తుమ్ము వచ్చింది. అమ్మ నా నోరూ ముక్కూ కలిపి అరచేత్తో మూసేసింది. ఊపిరాడక గిలగిల్లాడాను. దొరలు వెళ్ళాక నాన్న వచ్చి నా తల నిమిరి "గుడ్ గర్ల్" అన్నాడు.

ఆ మాటకు ఎంత మురిసిపోయానో రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాశాను.

2 జూన్

అమ్మకు ఆ ముక్క తెలుగులో చదివి వినిపించాను. వద్దనుకున్నాను, ఉండబట్టలేదు.

అమ్మ ఆశ్చర్యపోలేదు.

"నీకు ముందే తెలుసా?"

"ఏటి రాసినాడో తెల్దు. మన గురించి రాయలేదని తెలుసు. రాసుంటే ఒక్క పండక్కైనా ఆ ఊరి నుంచి నీకు బొమ్మో గుడ్డో రాదా?"

"మరి తాళి? రాములవారి కోవెల్లో కట్టాడన్నావు."

అమ్మ పొయ్యి వైపు లేవబోయింది. నేను కొంగు పట్టుకుని కూర్చోబెట్టాను.

"ఆయన కట్టలేదు. నువ్వు పుట్టిన మూడో నెల్లో ఈపో బజారుకెల్లి నానే కొనుక్కొచ్చినాను. నానే కట్టుకున్నాను. కుళాయికాడ ఆడోళ్ళ నోళ్ళు మూతపడాల గదా."

"నాన్న చూసి ఏమీ అనలేదా?"

"సూసినాడు. రొండు రోజులు సూసినాడు. ఏటీ అనలేదు. అదే సాలనుకున్నాను అప్పుడు."

నాకు కోపం ఎవరి మీద రావాలో తెలియలేదు. ముప్పై నాలుగేళ్ళు ఆ కోవెల ముందు నుంచి వెళ్ళిన ప్రతిసారీ ఇక్కడే కదా అనుకుంటూ దణ్ణం పెట్టుకున్నాను.

"మరి జపానువాళ్ళు వచ్చినప్పుడు? దొరలందరూ దక్షిణానికి రైలెక్కిపోతే ఆయనొక్కడే మన కోసం ఉండిపోయాడు కదా. అది కూడా అబద్ధమేనా?"

"ఆయనకి జరం అప్పుడు. లేవలేకపోయినాడు."

"మావయ్యలిద్దరూ స్టేషను దాకా మోసుకెళ్తామన్నారని నువ్వే చెప్పావు."

"అన్నారు. ఆయనే ఒద్దన్నాడు. నీ కోసమో, రైల్లో సచ్చిపోతాననో. నాకేటీ సెప్పలేదు. నువ్వేటి నమ్ముకుంటే అది నమ్ముకో, కన్నమ్మా. నాను మాత్రం రొండూ నమ్మి, రొండూ మానీసినాను."

7 జూన్

నాన్న ఇచ్చిన డిక్టేషను పుస్తకాలు నాలుగున్నాయి. పొయ్యిలో పడేద్దామని తీశాను. పడెయ్యలేదు. ఒక పేజీలో నేను రాసిన మాట కింద గీత గీసి, పక్కన తన చేత్తో సరిగా రాశాడు. Daughter. g, h లేకుండా రాశానట.

ఆ మాట రాయడం ఆయనకు వచ్చు.

9 జూన్

ఇక ఉత్తరాలు వద్దులే అన్నాను. అమ్మే ఒప్పుకోలేదు. చేతులు కడుక్కుని వచ్చి బల్ల ముందు కూర్చుంది. ఇరవై ఏళ్ళు ఆ బల్ల తుడిచింది. దాని ముందు కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"రాయి. ఆయన గురించి కాదు. నా గురించి రాయి."

"ఏమని?"

"వంటమనిషంట. వంటమనిషికి జీతముంటాది. నాకు లేదు. ముందు అది రాయి."

రాశాను. అమ్మ చెబుతూ ఉంటే రాస్తూనే ఉన్నాను. వాళ్ళది భీమునిపట్నం దగ్గర పల్లె అని. ఆరేళ్ళప్పుడు ఓడలో పినాంగు వచ్చిందని, దారిలో చెల్లెలు చనిపోతే సముద్రంలో వదిలారని. పదేళ్ళకే రబ్బరు చెట్లు గీయడానికి వెళ్ళిందని. ర్యాట్రే మేష్టరు ఒకరోజు దారి తప్పి, కుంటుకుంటూ వచ్చి నీళ్ళడిగితే ఇచ్చిందని. చింతపులుసులో ఎండుచేప వేస్తే ఆయన లోటా ఎత్తి తాగేవాడని. ఆయన్ను పట్టుకెళ్ళాక నాలుగేళ్ళు కర్రపెండలం పెట్టి నన్ను బతికించిందని.

"అమ్మా, ఇంతమందికి చదువు చెప్పిన మనిషి నీకు అక్షరాలెందుకు నేర్పలేదు?"

"నాను అడగలేదు. ఆయనకి తోచలేదు. అదీ రాయి."

చివర ఒక్క వాక్యం నేను కలిపాను: "మేడమ్, మీ పుస్తకంలో ఆయన పేజీ మీద మా ఇద్దరికీ చోటు లేకపోతే పోనివ్వండి. మా చరిత్రలో ఆయనకు ఒక పేజీ ఉంది. అందులో మంచీ చెడూ రెండూ రాస్తాం."

చదివి వినిపిస్తే అమ్మ తల ఊపి, "పోస్టులో ఏయి," అంది.

10 జూన్

పుష్పం లేకుండా నేనొక్కదాన్నే వెళ్ళి పోస్టు చేశాను.

19 ఆగస్టు

ఎల్స్పెత్ నుంచి చిన్న ఉత్తరం.

"నా తమ్ముడు తన చేత్తో కాదన్నదాన్ని నేను అవునని అచ్చు వెయ్యలేను. మీ అమ్మగారి ఉత్తరం చదివాక, ఇదివరకు రాసినదీ అచ్చు వెయ్యలేకపోతున్నాను. అవివాహితుడు అన్న మాట తీసేశాను."

దిద్దిన పేజీ పెట్టింది. "1944లో మరణం" దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత ఏమీ లేదు.

పుష్పం గెలిచావక్కా అంది. ఏం గెలుపు? అబద్ధం పోయింది, నిజం రాలేదు. నాకు ఇది చాలదు.

31 ఆగస్టు

మెర్దెకా. మలయాకు స్వాతంత్ర్యం వచ్చింది. ఊళ్ళో మైదానంలో జెండా ఎత్తారు. వాన వెలిసి బురదగా ఉంది. అమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడింది. మెర్దెకా అని అందరూ అరిచినప్పుడు తనూ అరిచింది. ఆవిడ గొంతు అంత పెద్దదని నాకు తెలియదు.

5 సెప్టెంబరు

మేనేజరు మళ్ళీ పిలిచాడు. తెలుగు తరగతిలో పిల్లలు తక్కువగా ఉన్నారట, తమిళ తరగతిలో కలిపేస్తారట. నెలాఖరుకు క్వార్టరు ఖాళీ చెయ్యాలట. స్కాట్లండు మాట ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు.

"కారణం కాగితం మీద రాసి ఇవ్వండి సర్," అన్నాను.

నిజంగా అన్నాను.

ఇవ్వలేదు. బయటికి వచ్చాక సుబ్రమణియం గారు నా వెనకే వచ్చి, "పదకొండేళ్ళ సర్వీసుకు సర్టిఫికెట్ నేను టైపు చేసి ఉంచాను టీచర్. ఆయన మిగతా కాగితాలతో కలిపి చూడకుండా సంతకం పెట్టేశారు," అని కవరు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

29 సెప్టెంబరు

సామాను లారీలో వేశాం. గేటు దగ్గర దొరసామి బియ్యం మూట విప్పమనలేదు. చట్టం ప్రకారం విప్పించాలి. అటు తిరిగి బీడీ వెలిగించుకున్నాడు.

20 అక్టోబరు

సుంగై సిపుట్‌లో బట్టల కొట్టు మీద ఒక గది. కింద కుట్టుమిషను రోజంతా కొట్టుకుంటూనే ఉంటుంది. ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పడానికి తీసుకున్నారు. నాన్న నేర్పిన ఇంగ్లీషే ఇప్పుడు అన్నం పెడుతోంది. అదీ నిజమే, రాసుకోవాలి.

ఆదివారాలు ఎస్టేటు నుంచి ఐదుగురు ఆడపిల్లలు తెలుగు చదువుకోవడానికి బస్సులో వస్తున్నారు. వాళ్ళలో పాపాయి ఉంది.

20 నవంబరు

కొత్త దేశపు పౌరులుగా నమోదు చేయించుకోవడానికి అమ్మా నేనూ జిల్లా ఆఫీసుకు వెళ్ళాం. పొద్దున ఏడింటికి వెళ్తే పదకొండింటికి మా వంతు వచ్చింది. బల్ల వెనక ఉన్న మలాయ్ గుమాస్తాకు పాతికేళ్ళుంటాయి. ఓపికగా అడిగి రాసుకుంటున్నాడు.

ముందు నాది. తండ్రి పేరు అడిగాడు. విలియం ర్యాట్రే, ఉపాధ్యాయుడు అన్నాను. నా పుట్టుక కాగితం చూశాడు. అందులో ఆ గడిలో గీత ఉంది.

"ఇక్కడ లేదే, చిక్‌గూ. నేనూ గీతే పెడతాను," అన్నాడు. చిక్‌గూ అంటే మలాయ్‌లో పంతులమ్మ.

మార్చిలో అయితే ఎస్ సర్ అని ఉండేదాన్ని.

"గీత నాకు తండ్రి కాదు. పేరు రాయండి," అన్నాను.

అతను ఇబ్బందిగా అమ్మ వైపు చూశాడు. అమ్మ ముందుకు వంగి, తనకొచ్చిన బజారు మలాయ్‌లో, ఈ పిల్ల తండ్రెవరో నాకు తెలుసు, నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది, అంది. వెనక వరసలో ఎవరో నవ్వారు. అతను కలం ముంచి పేరు రాశాడు. అక్షరాలు నేను చెప్పాను, ఒక్కొక్కటే.

తర్వాత అమ్మది. పేరు, ఊరు, వచ్చిన సంవత్సరం అన్నీ అయ్యాయి. భర్త పేరు అడిగాడు. నేను చెప్పబోయాను. అమ్మ నా మోచేతి మీద చెయ్యి వేసింది.

"కొసోంగ్," అంది. ఖాళీ, అని.

అతను నా కాగితం వైపు, అమ్మ వైపు మార్చి మార్చి చూశాడు. భర్త చనిపోయాడా అని అడిగాడు. లేదంది. వదిలేశాడా? లేదంది. మరి?

"బెలుం కావిన్."

మలాయ్‌లో పెళ్ళి కాలేదు అనరు. ఇంకా కాలేదు అంటారు. యాభై ఐదేళ్ళ మనిషి, తెల్లజుట్టు ముడి వేసుకున్న మనిషి, నాకు ఇంకా పెళ్ళి కాలేదు అని సర్కారు బల్ల ముందు నిలబడి చెప్పింది. మొదట వెనక వరస నవ్వింది, తర్వాత ఆ గుమాస్తా నవ్వాడు, ఆ తర్వాత అమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే వేలిముద్ర వేసింది.

బయటికి వచ్చాక అడిగాను. "ఇన్నేళ్ళు ఆయన పేరు చెప్పుకుని బతికి, తీరా సర్కారు రాసుకుంటానంటే వద్దన్నావేమిటమ్మా?"

"నీకు ఆయన తండ్రి. అది ఎవుడూ మార్సలేడు. నాకు మొగుడో కాదో ఆయన ఒకపాలి రాసినాడు. ఇప్పుడు నాను రాయించినాను. సెల్లుకి సెల్లు. పద, ఆకలేస్తున్నాది."

21 నవంబరు

ఎల్స్పెత్ ర్యాట్రేకు ఉత్తరం రాశాను. ఇదే ఆఖరిది. తెలుగులో ముందు ఇక్కడ రాసుకున్నాను:

"మేడమ్, తీసేసిన మాట మీరు తిరిగి పెట్టుకోవచ్చు. అది తప్పు కాదని మా అమ్మ నిన్న సర్కారు సాక్షిగా తేల్చింది. అయితే మూడు ముక్కలూ కలిపి వెయ్యండి, విడదీయకండి. విలియం ర్యాట్రే, అవివాహితుడు. దేవుడమ్మ, అవివాహిత. వారికి ఒక కూతురు, కన్నమ్మ, ఉపాధ్యాయిని."